కాకతాళీయం కాని కథ



‘కాకతాళీయం’ అనే మాటను తరగతిలో బోధించవలసి వచ్చినప్పుడల్లా నేనొక ఉదాహరణ చెప్పేవాడిని. కాకి వాలగానే తాటిపండు రాలినట్లు, 1820లో కోపెన్‌హేగన్‌లో ఆయిర్‌స్టెడ్ అనే ఆచార్యుడు పాఠం చెబుతుండగా, విద్యుత్తు పారే తీగ ప్రక్కన ఎవరో మరచిన దిక్సూచి ముల్లు దానంతటదే కదిలిందని. పిల్లలు ఆ మాటను మరచేవారు కారు. ఆ ఉదాహరణ సరికాదని పదవీ విరమణ చేసిన పిమ్మట గాని నాకు తెలియలేదు.

విద్యుత్తుకు అయస్కాంతంపై ప్రభావం ఉన్నదేమో పరీక్షించాలని ఆయిర్‌స్టెడ్ 1812లోనే, బెర్లిన్‌లో ప్రచురించిన తన జర్మను గ్రంథంలో సూచించాడు. ప్రకృతిశక్తులన్నింటికీ మూలం ఒక్కటేనని ఆయన విశ్వాసం. 1820 వసంతంలో ఆ ప్రయోగాన్ని పాఠానికి ముందే చేసి చూద్దామనుకొని, వీలుగాక, పాఠం నడుమ చేశానని తరువాత తానే వ్రాసుకొన్నాడు. ముల్లు కదలిక స్వల్పం. శ్రోతలకు విశేషంగా తోచలేదు. జూలైలో బలమైన బ్యాటరీతో మళ్ళీ పరీక్షించి, 21వ తేదీన నాలుగు పుటల లాటిన్ పత్రం వెలువరించాడు.

అందులోని వింత ఏమనగా, తీగ ముల్లును తనవైపు లాగలేదు, దూరంగా నెట్టలేదు; అడ్డంగా త్రిప్పింది. తీగ పైన ఉంటే ఒకవైపు, క్రింద ఉంటే ఎదురువైపు. అనగా ఆ ప్రభావం తీగ చుట్టూ వలయాకారంలో ఉన్నదన్నమాట. గురుత్వాకర్షణ వలె సరళరేఖలో పనిచేసే బలాలకే అలవాటుపడిన నాటి శాస్త్రజ్ఞులకు ఇది మింగుడుపడని విషయం.

సెప్టెంబరు 11న అరాగో పారిస్ అకాడమీలో ఆ ప్రయోగం చేసి చూపాడు. అదే నెల 25న ఆంపియర్ అసలు అయస్కాంతమే లేకుండా మరొకటి చూపాడు. రెండు సమాంతర తీగలలో విద్యుత్తు ఒకే దిశలో పారితే అవి ఆకర్షించుకొంటాయి. ఎదురెదురు దిశలలో పారితే వికర్షించుకొంటాయి. 1948 నుండి 2019 వరకు ‘ఆంపియర్’ అనే ప్రమాణాన్ని నిర్వచించినది ఈ బలంతోనే.

మరి ‘అనుకోకుండా’ అన్న కథ ఎక్కడిది? దానిని వ్యాపింపజేసినది 1857లో హాన్‌స్టీన్ ఫారడేకు వ్రాసిన లేఖ. అప్పటికి ఆయిర్‌స్టెడ్ గతించి ఆరేళ్ళు. కాదనడానికి ఆయన లేడు.

ఎనిమిదేళ్ళు తాటిచెట్టు మీదనే దృష్టి నిలిపినవాని చేతిలో పండు పడితే, అది కాకతాళీయం ఎట్లా అవుతుంది? నా పూర్వ విద్యార్థులెవరైనా ఇది చదివితే, ఆనాటి ఉదాహరణను కొట్టివేసికొనవలసిందిగా మనవి.