తనవాళ్లకే ఎదురు నిలిచినవాళ్లు

సెప్టెంబరు 17 దగ్గరపడుతోందంటే మన తెలుగు ఇళ్లలో ఒక వాదన తప్పదు. ఆ రోజు విమోచన దినమా, విలీన దినమా, విద్రోహ దినమా? 2022లో కేంద్రం దాన్ని హైదరాబాదు విమోచన దినంగా జరిపితే, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. 2024లో రాష్ట్రమే దానికి ప్రజాపాలన దినోత్సవం అని పేరు పెట్టింది. పేరు మీద పెద్దలకే ఏకాభిప్రాయం లేనప్పుడు పిల్లలకు ఏమని చెప్పాలి? అల్ అజీజియాలో ఒకే భవనంలో వరంగల్లు హిందువులు, నిజామాబాదు ముస్లిములు, గుంటూరు క్రైస్తవులు పక్కపక్కన కాపురాలు చేస్తున్నాము. ఒక ఇంట్లో చెప్పే 1948 కథకూ, ఎదురింట్లో చెప్పే 1948 కథకూ పొంతన లేకపోతే, ఆ ఎడం మన పిల్లల స్నేహాల్లోకి వస్తుంది. అందుకే ఈ సంచికలో ఆ కథను కొంచెం ఓపికగా చెప్పుకుందామనుకున్నాము.

ముందుగా ఒక మాట. హైదరాబాదు సంస్థానంలో ప్రభువు ముస్లిం, ప్రజల్లో అత్యధికులు హిందువులు. ఇది నిజమే కాని, ఇదే మొత్తం నిజం కాదు. తెలంగాణ పల్లెల్లో రైతు చేత వెట్టి చేయించుకున్న దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులే. వారిలో రజాకార్ల అండ తీసుకున్నవారూ ఉన్నారు. నలిగినవారిలో పేద ముస్లిములూ ఉన్నారు. కనుక ఆనాటి పోరాటాన్ని రెండు మతాల తగవుగా చెబితే, దొర పేరూ పోతుంది, కూలివాడి పేరూ పోతుంది.

1947 ఆగస్టు 15 తరవాత సంస్థానం ఎటు పోవాలన్న ప్రశ్న వచ్చింది. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. అప్పుడు వారిని ఉర్దూలోనే, హైదరాబాదు నడిబొడ్డునే నిలదీసిన పత్రిక ఒకటుంది. దాని పేరు 'ఇమ్రోజ్', అంటే 'నేడు'. సంపాదకుడు షోయబుల్లా ఖాన్. 1920లో మహబూబాబాదు ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో చదివిన యువకుడు. మందుముల నరసింగరావు గారు నడిపిన ఉర్దూ పత్రిక 'రయ్యత్'లో పనిచేశాడు. ఒక హిందువు ఉర్దూ పత్రిక నడపడం, ఒక ముస్లిం యువకుడు ఆయన దగ్గర పత్రికా రచనలో ఆరితేరడం ఆనాటి హైదరాబాదులో వింత కాదు. 'రయ్యత్' మూతపడ్డాక, బూర్గుల రామకృష్ణారావు గారి వంటివారి తోడ్పాటుతో 1947 నవంబరులో 'ఇమ్రోజ్' మొదలైంది.

షోయబుల్లా ఖాన్ అడిగింది హిందువుల రాజ్యం కాదు, ప్రజలకు జవాబు చెప్పే ప్రభుత్వం. 1948 జనవరిలో ఆయన పగటి ప్రభుత్వం, రాత్రి ప్రభుత్వం అంటూ రాసిన సంపాదకీయం పేరు పొందింది. పగలు నిజాం ఉద్యోగులూ, రాత్రి రజాకార్లూ పాలిస్తున్నారని దాని భావం. ఆ ఏడాది ఆగస్టులో ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన చేశారు. వారిలో బాకర్ అలీ మీర్జా, ప్రభుత్వోద్యోగానికి రాజీనామా ఇచ్చిన ఫరీద్ మీర్జా ఉన్నారు. రజాకార్ల దౌర్జన్యాలు ఆగాలి, ఆ దళాన్ని రద్దు చేయాలి అన్నది వారి కోరిక. షోయబుల్లా ఖాన్ దాన్ని తన పత్రికలో అచ్చువేశాడు.

ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక కాచిగూడ ప్రాంతంలో ఇంటికి వెళుతున్న ఆయన మీద దుండగులు కాల్పులు జరిపి, రాసిన చేతినే నరికారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌కూ చేయి పోయింది. తెల్లవారకముందే షోయబుల్లా ఖాన్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. ఆయన దగ్గర ఉన్న ఆయుధం కలం ఒక్కటే.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తరవాతి భాగమే మన ఇళ్లలో తక్కువగా వినిపిస్తుంది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్లు చేసిన పాపానికి ఆ తరవాతి వారాల్లో ఏమీ ఎరుగని ముస్లిములు బలయ్యారు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో పరిస్థితి మరీ ఘోరం. ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, 'పయామ్' పత్రిక నడిపిన కాజీ అబ్దుల్ గఫార్, మరొక సభ్యునితో కలిసి నవంబరు చివరి నుంచి డిసెంబరు మూడో వారం దాకా ఊరూరా తిరిగారు. చనిపోయినవారు 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని వారి అంచనా. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల చేతికి రాలేదు.

ఆ చీకటి నివేదికలోనే ఒక వెలుగు ఉంది. ముస్లిం ఇరుగుపొరుగును కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న హిందువులున్నారని వారు రాశారు. ముఖ్యంగా నేతపనివారిని పేర్కొన్నారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డుగా నిలబడ్డారట. ఎదుట ఉన్నది తమ మతంవారి గుంపే. మగ్గం కలిపిన చుట్టరికాన్ని మతం పేరుతో వచ్చిన గుంపు తెంచలేకపోయింది. ఎత్తుకుపోయిన ముస్లిం స్త్రీలను తిరిగి ఇళ్లకు చేర్చడంలోనూ ఎందరో హిందువులు సాయపడ్డారు. వారి పేర్లు ఏ స్తంభం మీదా లేవు.

ఇప్పుడు రెండు భాగాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. షోయబుల్లా ఖాన్ ఎదిరించింది తన మతం పేరు చెప్పుకున్నవారిని. ఆ నేతగాళ్లు ఎదిరించిందీ తమ మతం పేరు చెప్పుకున్నవారినే. పొరుగువాడి మతంలో తప్పులు వెతకడానికి ధైర్యం అక్కరలేదు, ఎవరైనా చేస్తారు. తనవాళ్లు తప్పు చేసినప్పుడు ఆగండి అనడమే అహింసకు అసలు పరీక్ష. 1930లో పెషావరులో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ గారి ఖుదాయీ ఖిద్మత్‌గార్ల ఉద్యమం మీద దమనకాండ సాగినప్పుడు, నిరాయుధులపై కాల్చబోమన్న చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన తోటి సిపాయిలు నెగ్గిందీ ఈ పరీక్షలోనే.

అహింస అంటే అన్యాయాన్ని కదపకుండా ఉంచడమా అని అడిగేవారున్నారు. సరైన ప్రశ్నే. తెలంగాణ రైతు ఆయుధం పట్టింది సరదాకు కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు వినోబా గారిని అడిగింది 80 ఎకరాల భూమి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అలా పుట్టింది. తరవాత దేశమంతటా వచ్చిన దానాల్లో సాగుకు పనికిరానివీ, పేదవాడికి చేరనివీ ఎన్నో ఉన్నాయి. అయినా ఆ రోజు తేలిన సంగతి ఒకటుంది: శాంతి అడిగేవాడు భూమి సంగతి కూడా అడగాలి. న్యాయం లేని శాంతి ఎక్కువకాలం నిలవదు.

మనం ఉంటున్న దోహాలో 2003 నుంచి మతాల మధ్య సంభాషణకు అంతర్జాతీయ సదస్సులు జరుగుతున్నాయి. పండితులు మాట్లాడుకోవడం మంచిదే. అయితే మెట్ల దగ్గర, బడి బస్సు దగ్గర, రంజాను పళ్లెం, ఉగాది పచ్చడి ఇచ్చిపుచ్చుకునే గుమ్మం దగ్గర జరగవలసిన సంభాషణ వేరే ఉంది. దాన్ని మన తరఫున ఇంకెవరూ చేయరు.

మా విన్నపం చిన్నది. ఈ సెప్టెంబరులో పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు సగం చెప్పి ఆపవద్దు. రజాకార్ల సంగతి చెప్పిన నోటితోనే షోయబుల్లా ఖాన్ పేరు చెప్పండి. సైనిక చర్య సంగతి చెప్పిన నోటితోనే ఆ తరవాతి వారాల సంగతీ, అడ్డు నిలిచిన నేతగాళ్ల సంగతీ చెప్పండి. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఎనభై, తొంభై ఏళ్ల పెద్దలుంటే, ఆ రోజుల్లో ఎవరు ఎవరిని ఇంట్లో దాచారో అడిగి రాసుకురండి. ఉర్దూలో చెప్పినా సరే, తెలుగులో చెప్పినా సరే. ఆ తరం వెళ్లిపోతోంది. చంపినవారి పేర్లు పుస్తకాల్లో ఎలాగూ మిగులుతాయి. కాపాడినవారి పేర్లు మాత్రం మనం అడిగితేనే మిగులుతాయి.