ఒంగోలు నేల మీద ఎర్ర సినిమా

మిరప కల్లాలు, పత్తి చేలు, సాగర్ కుడికాలువ నీళ్లతో ఇవాళ మనకు తెలిసిన దర్శి ప్రాంతం ఒకప్పుడు వెంకటగిరి జమీందారీలో భాగం. నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది, రెండేళ్లకు ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. ఒక సినిమా తరహా పుట్టుక చెప్పబోతూ జమీందారీ పటం ముందు పెట్టడానికి కారణముంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీస్తే, దాన్ని అడ్డుకోవాలని పట్టుబట్టిన వాళ్లలో బొబ్బిలి వారితో పాటు వెంకటగిరి వారూ ఉన్నారు. దర్శి రైతు శిస్తు కట్టింది ఆ సంస్థానానికే.

ఆ సినిమాకు పెట్టుబడి పెట్టింది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. అందులో బళ్లారి రాఘవ నటించారు, టంగుటూరి సూర్యకుమారి నటించింది. అప్పికట్ల కొసరాజు రాఘవయ్య చౌదరి పాటలు రాశారు. తెలుగు సినిమాకు మాటలొచ్చి అప్పటికి ఏడేళ్లే. పౌరాణికాలదే రాజ్యం. అంతకు ముందు ఏడాది ‘మాలపిల్ల’లో రామబ్రహ్మమే అంటరానితనాన్ని తెర మీదికి తెచ్చారు. కులం గురించి ఒకటి, భూమి గురించి ఒకటి, రెండేళ్లలో రెండు ప్రశ్నలు. తర్వాత దాదాపు యాభై ఏళ్లు తెలుగు సినిమా ఈ రెంటిలో దేన్ని పట్టుకుంది, దేన్ని వదిలేసింది అన్నదే నా దృష్టిలో ఈ కథలో ముఖ్యం.

మన వాళ్లు సినిమాలను పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని విడదీశారు. మొదటి మూడింటికీ హద్దులు స్పష్టం. కిరీటం ఉంటే ఒకటి, మాంత్రికుడు ఉంటే ఇంకొకటి. మిగిలినదంతా సాంఘికమే. రైతు, కూలీ, జమీందారు కథలకు విడిగా పేరు లేదు. 1955లో తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ తీశారు. కొసరాజు రాసిన ఏరువాక పాట ఊరూరా మోగింది. అయినా జనం దాన్ని మంచి సాంఘిక చిత్రం అన్నారే తప్ప ఒక తరహాకు మొదలు అనలేదు. ఒక్క సినిమాతో తరహా ఏర్పడదు. పోస్టర్ చూడగానే లోపల ఏముంటుందో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి, తెలిసినా టికెట్ కొనాలి. అప్పుడే దానికో పేరు పడుతుంది.

ఆ పేరు 1980ల్లో పడింది, ఎర్ర సినిమా అని. దాన్ని పెట్టింది పరిశోధకులు కాదు, హాలు ముందు నిలబడ్డ జనం.

దాని వేరు మాత్రం హాల్లో లేదు, నాటకం స్టేజీ మీద ఉంది. 1943లో ఏర్పడ్డ వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి ‘మాభూమి’ నాటకాన్ని ఊళ్లకు తీసుకువెళ్లింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ఆ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిర్బంధంలో మండలి చెదిరిపోయింది. డాక్టర్ గరికపాటి రాజారావు లాంటి వాళ్లు సినిమా వైపు వెళ్లారు. మళ్లీ ఒంగోలులో నల్లూరి వెంకటేశ్వర్లు చుట్టూ చేరిన కుర్రాళ్లు ఆ ఒరవడిని అందుకున్నారు. మాదాల రంగారావు, టి. కృష్ణ ఆ వాతావరణంలో పెరిగినవాళ్లే. ఇద్దరిదీ ఈ జిల్లానే. విద్యార్థి ఉద్యమం, పాట, నాటకం వాళ్లకు సినిమా కన్నా ముందు వచ్చాయి. తర్వాత కృష్ణ చిత్రాలకు పదునైన మాటలు రాసిన ఎం.వి.ఎస్. హరనాథరావు కూడా పరిషత్తు నాటకాల నుంచి వచ్చినవారే.

ఎర్ర సినిమాల్లో అందరూ గట్టిగా మాట్లాడతారని, ఉపన్యాసం దంచుతారని చాలామంది విమర్శకులు అంటారు. నిజమే. అయితే ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పరిషత్తు నాటకంలో మాట చివరి వరుసలో చాప మీద కూర్చున్న వాడికి అందాలి. నటుడు పక్క పాత్రతో మాట్లాడుతూనే జనం వైపు తిరుగుతాడు. ‘యువతరం కదిలింది’ (1980), ‘ఎర్రమల్లెలు’ (1981) చూస్తే ఆ తిరగడం కనిపిస్తుంది. రెండింటికీ దర్శకుడు ధవళ సత్యం, ముందు నిలబడింది మాదాల. దాన్ని లోపం అనడానికి నాకు మనసు ఒప్పదు. అది ఆ తరహా పుట్టుమచ్చ.

1980లోనే గౌతం ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాణ భాగస్వామ్యంతో ‘మాభూమి’ అనే సినిమా విడుదలైంది. పేరు పాత నాటకానిదే, కథ మాత్రం కిషన్ చందర్ నవలది. కళ పరంగా అది ఒంగోలు వాళ్ల సినిమాల కన్నా ఎంతో పైన ఉంటుంది. కానీ జనం నోట ‘ఎర్ర సినిమా’ అన్న మాటను స్థిరపరిచింది మాదాల, కృష్ణలే. పాటలు, ఫైట్లు, హాస్యం అన్నీ పెట్టుకుని మామూలు హాళ్లలో మామూలు సినిమాలతో పోటీపడ్డారు కాబట్టి.

రిక్ ఆల్ట్‌మన్ అనే అమెరికా పండితుడు 1984లో ఒక పద్ధతి సూచించాడు. ఒక తరహాలో కనిపించే సరుకు వేరు, ఆ సరుకును పేర్చే తీరు వేరు, రెండూ కలిసి స్థిరపడితేనే తరహా బలపడుతుంది అని. మనకు ఇది బాగా పనికొస్తుంది. ఎర్ర సినిమా సరుకు తెలిసిందే, భూస్వామి, కరణం, అమ్ముడుపోయిన పోలీసు, ఎర్రజెండా, డప్పు. పేర్చే తీరు మాత్రం ఒక్కటే. దెబ్బ తిన్నవాళ్లు ఒక్కొక్కరుగా ఓడిపోయి, చివరికి గుంపుగా లేస్తారు.

టి. కృష్ణ ‘నేటి భారతం’ (1983)తో మొదలుపెట్టి మూడేళ్లలోనే తన సినిమాలన్నీ తీసేశారు. 1985లో ‘దేశంలో దొంగలు పడ్డారు’, ‘వందేమాతరం’, ‘ప్రతిఘటన’. ఆఖరుది ‘రేపటి పౌరులు’. 1986 అక్టోబరులో క్యాన్సర్‌తో కన్నుమూసే నాటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. వీటిలో ‘ప్రతిఘటన’ దగ్గర ఆగాలి. లెక్చరర్ ఝాన్సీని నడివీధిలో రౌడీ అవమానిస్తుంటే జనం చూస్తూ నిలబడతారు. చివరికి ఆమె ఒక్కతే గొడ్డలి ఎత్తుతుంది. సరుకు అదే, పేర్పు మారింది. గుంపు సాక్షిగా మిగిలిపోయింది. తన తరహాను కృష్ణే లోపలి నుంచి మార్చేశారు. ఆ సినిమా అంతగా ఆడటానికీ, హిందీలో ‘ప్రతిఘాత్’గా మళ్లీ తీయడానికీ ఆ ఒంటరి గొడ్డలే కారణమని నా నమ్మకం. ఝాన్సీగా నటించిన విజయశాంతి ‘కర్తవ్యం’ (1990) మీదుగా ‘ఒసేయ్ రాములమ్మ’ (1997) దాకా నడిచిన దారి అక్కడే తెరుచుకుంది.

అదే 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆ చంపినవాళ్లు వెండితెర భూస్వాములు కారు. సొంత పొలం ఉన్న ఊరి రైతు కులం వాళ్లు. పేదవాడికీ పెత్తందారుకీ మధ్య గీత గీసిన ఎర్ర సినిమా, కులం పేరును సూటిగా పలకడానికి చాలావరకు వెనకాడింది. ‘మాలపిల్ల’ ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఈ సినిమాలను ప్రేమించేవాళ్లం ఈ మాట చెప్పుకోక తప్పదు.

తర్వాత ఇంకో దెబ్బ. 1980ల్లో పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన రైతులు పురుగుమందు తాగారు. ఆ రైతుకు శత్రువు ఎవరు? జమీందారు కాదు. మందుల షాపు ఖాతా, వడ్డీ, మార్కెట్ ధర, ఎంత కొట్టినా చావని దోమ. వీటికి వెండితెర విలన్ రావు గోపాలరావు లాంటి ఒక ముఖం లేదు. క్లైమాక్సులో గుంపంతా కలిసి ఎవరి మీదికి వెళ్లాలి? ఎర్ర సినిమా చప్పబడటానికి ప్రేక్షకుల అభిరుచి మారడం ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను. దానికి తెలిసిన విలన్ పొలం నుంచి వెళ్లిపోయాడు.

అయినా తరహా అంతటితో పోలేదు. ముత్యాల సుబ్బయ్య ‘ఎర్రమందారం’ (1991) తీశారు. ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’ (1994)తో హాళ్లు నింపారు. ఇంకోపక్క దాని సరుకును వేరేవాళ్లు ఎత్తుకున్నారు. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) తీసిన బి. గోపాల్‌ది కూడా ఈ జిల్లానే. ఊరు అదే, పెత్తందారు అతడే, భయపడ్డ జనం వాళ్లే. ‘నరసింహనాయుడు’లో ఊరి కోసం ఇంటికో కొడుకును ఇవ్వమని అడుగుతారు. ఎర్ర సినిమాలో గుంపుగా లేచిన జనం ఇక్కడ హీరో వెనక సైన్యం అయ్యారు. జెండా పోయి కత్తి వచ్చింది, హక్కు పోయి వంశం వచ్చింది. ఫ్యాక్షన్ సినిమాను రాయలసీమ కథ అంటారు, కానీ దాని ఎముకల్లో ఒంగోలు ఎర్ర సినిమా ఉంది.

2004లో ‘యజ్ఞం’ వచ్చింది. ముఠాకక్షల కథ. నిర్మాత ఈతరం ఫిలిమ్స్ పోకూరి బాబూరావు, టి. కృష్ణతో నడిచినవారు. హీరో గోపీచంద్, టి. కృష్ణ కొడుకు.