డర్హమ్ పట్టణమున అన్నపథ్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తర కరోలినాయందలి డర్హమ్ పట్టణము మొదట పేరెన్నికగన్నది పొగాకువలన. అంతర్యుద్ధానంతరము అచ్చట వెలసిన పొగాకు కర్మాగారములును, వానివలన కోటీశ్వరులైన డ్యూక్ కుటుంబమువారును, వారు 1924లో ఇచ్చిన విరాళముతో ఆ వంశనామమునే ధరించి విస్తరిల్లిన విశ్వవిద్యాలయమును ఆ ఊరి చరిత్రకు మూలస్తంభములు. మన గుంటూరు మండలమున వర్జీనియా పొగాకు పండించి, బ్యారన్లలో ఆకు కాల్చిన రైతులకు ఆ ప్రాంతపు పంట పరాయిది కాదు. అట్టి పొగాకు పట్టణము, ఇరువదవ శతాబ్దపు నడిమి దశాబ్దములలో, రక్తపోటుతోడను మూత్రపిండ వ్యాధులతోడను బాధపడువారు దేశము నలుమూలలనుండి వచ్చి, నెలల తరబడి ఉప్పులేని అన్నము తిని మరలిపోవు పథ్యక్షేత్రముగా మారుట వైద్యచరిత్రలోని విచిత్రములలో నొకటి.

అప్పటికి రక్తపోటును కొలుచుట నేర్చి నలువది యేండ్లు మాత్రమే అయ్యెను. 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి చేతికి చుట్టెడి పట్టీని, 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ ఆ పట్టీ దిగువ నాడిచప్పుడు వినెడి పద్ధతిని ప్రకటించినది మొదలు వైద్యులకు అంకెలు దొరకెను గాని, ఆ అంకెలను దింపు ఉపాయము దొరకలేదు. పైగా, బిగిసిపోయిన నాళములగుండ రక్తమును నెట్టుటకు దేహమే కల్పించుకొన్న ఏర్పాటు ఈ హెచ్చుపోటు అనియు, దానిని తగ్గింపబూనుట ప్రమాదమనియు తలచిన పెద్ద వైద్యులు పలువురుండిరి. విశ్రాంతి, నిద్రమందులు, మరీ ముదిరినవారికి వెన్నెముక ప్రక్కల నరములను కోయు శస్త్రచికిత్స, ఇంతకుమించి వారియొద్ద లేదు. 1944 మార్చిలో అధ్యక్షుడు రూజ్వెల్టును పరీక్షించిన హృద్రోగవైద్యుడు హొవార్డ్ బ్రూయెన్ 186/108 చూచి, డిజిటాలిస్‌తోపాటు విశ్రాంతిని, ఉప్పు తగ్గించిన ఆహారమును విధించెను. కాని మరుసటి సంవత్సరము ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై ఆయన మరణించిననాడు ఆ పోటు 300/190 చేరియుండెను. జగత్తునెల్ల శాసింపగల ప్రభువునకే ఇంతకంటె మెరుగైన చికిత్స దొరకని కాలమది.

ఉప్పునకును రక్తపోటునకును సంబంధము కలదని పారిస్ నగరమున అంబార్, బోజార్ అను నిరువురు 1904లోనే చెప్పియుండిరి. రోగి తిన్న లవణమెంత, మూత్రముద్వారా వెడలినదెంత యని లెక్కగట్టి, లోపల నిలిచినపుడు పోటు హెచ్చుటయు, వెడలినపుడు తగ్గుటయు వారు గమనించిరి. ఇన్సులిను రాకమునుపు మధుమేహరోగులకు కఠినోపవాసములు విధించి ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ అలెన్ 1920 ప్రాంతమున ఉప్పు మాన్పించి రక్తపోటు రోగులను కుదుర్చ యత్నించెను. ఈ రెండు ప్రయత్నములును మరుగున పడెను. రొట్టెలో, వెన్నలో, మాంసములో అంతట నిండిన ఉప్పును కొంత తగ్గించి, ఫలము కానరాక, సిద్ధాంతమే తప్పని వదలినవారే హెచ్చు. కొంచెము తగ్గించిన చాలదనియు, ముదిరిన రోగమునకు దాదాపు పూర్తిగా మానవలెననియు ఎవరికిని తట్టలేదు.

దానిని నిరూపించినవాడు, ఆశ్చర్యమేమనగా, ఉప్పునుగూర్చి ఆలోచించినవాడు కాడు. వాల్టర్ కెంప్నర్ 1903లో బెర్లిను నగరమున జన్మించెను. ఆయన తల్లి లిడియా రబినోవిచ్-కెంప్నర్ క్షయ సూక్ష్మజీవుల పరిశోధనలో పేరుగాంచి, 1912లో ఆచార్య బిరుదము పొందిన విదుషి. కుమారుడు ఓట్టో వార్‌బుర్గ్ ప్రయోగశాలలో జీవకణముల శ్వాసక్రియను అభ్యసించెను. నాజీల పాలన వచ్చినతోడనే యూదు సంతతివాడైన అతనికి స్వదేశమున చోటు లేకుండెను; 1934లో డ్యూక్ వైద్యశాలనుండి పిలుపు రాగా డర్హమ్ చేరెను. అచ్చట ఆతడు మూత్రపిండ కణములు ప్రాణవాయువు కొరవడినపుడు ఏ పదార్థములను ఎట్లు జీర్ణించుకొనునో పరీక్షించి, మాంసకృత్తుల భారమును మిక్కిలి తగ్గించినచో రోగగ్రస్తమైన మూత్రపిండము తేరుకొనునని ఊహించెను. ఆ ఊహనుండి 1939లో పుట్టినదే అన్నపథ్యము.

దాని స్వరూపము సులభము, ఆచరణము దుర్భరము. దినమునకు 250 మొదలు 350 గ్రాముల బియ్యము, ఉప్పు, పాలు, నూనె, నేయి ఏవియు సోకకుండ వండవలెను. దానితో పండ్లు, పండ్లరసములు, పంచదార. మొత్తమునకు సుమారు 2000 కేలరీల శక్తి, 20 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల క్రొవ్వు; సోడియము 150 మిల్లీగ్రాములు, అనగా అరగ్రాము ఉప్పుకంటెను తక్కువ. అదనముగా నీరు సైతము త్రాగరాదు, ద్రవమంతయు పండ్లరసమునందే.

మొదట కొలది వారములు మించి ఈ పథ్యము నడిపించుటకు కెంప్నరే జంకెను. 1942లో ముప్పది మూడేండ్ల గ్రామీణస్త్రీ ఒకతె, మూత్రపిండములు చెడి, నేత్రాంతర్భాగమున రక్తము చిప్పిలి, చూపు సన్నగిల్లిన స్థితిలో వచ్చెను. రెండు వారములకు మరల రమ్మని ఆయన చెప్పగా, ఆయన జర్మను యాసవలన రెండు నెలలని వినిన ఆ యిల్లాలు రెండు నెలలపాటు అన్నమును పండ్లను తప్ప వేరొండు ముట్టక వచ్చినదట. కంటిలోని వాపు, రక్తపు చారికలు తీసిపోయియుండెను. పెరిగిన గుండె కుంచించుకొనియుండెను. వినికిడి పొరపాటువలన ఒక చికిత్స బ్రదుకుట వైద్యమున అరుదు గాని, ఆ పొరపాటును గుర్తించి ఎక్స్‌రే చిత్రములతో, కంటి చిత్రములతో వందలకొలది రోగులయందు నెలల తరబడి పరీక్షించిన ఓర్పు మాత్రము పొరపాటు కాదు. 1944లో షికాగోలో అమెరికా వైద్యసంఘ సమావేశమున ఆ చిత్రములను చూపినపుడు నమ్మనివారు పెక్కుమంది; 1948 నాటికి 500 రోగుల వృత్తాంతము అచ్చయ్యెను, వారిలో సగానికి పైగా మేలు పొందిరి. పోల్చిచూచుటకు పథ్యము లేని రోగులగుంపు ఆయన యేర్పరచలేదను విమర్శ వచ్చెను. అది న్యాయమైన విమర్శయే. మృత్యుముఖమున నున్నవారికి మేలని తోచిన దానిని ఇయ్యకుండ ఎట్లుందునని ఆయన మనస్సులో నుండవచ్చును. కాని శాస్త్రమునకు మనస్సు చాలదు.

రోగులు పట్టణములోని భోజనశాలలలో కలిసి తినుచుండిరి. వానికి అన్నపుటిండ్లని పేరు పడెను. కెంప్నర్ స్వభావము మిక్కిలి కఠినము. ఎవరైన రహస్యముగా పందిమాంసమో, ఉప్పుగింజలు జల్లిన వేరుసెనగలో తినివచ్చిరేని, మరునాటి మూత్రపరీక్షలో క్లోరైడు పరిమాణమే పట్టియిచ్చును. నేటికిని కొందరు దీనిని సహజ చికిత్సయని కొనియాడుదురు. నా దృష్టిలో అంతకంటె అసహజమైన భోజనము వేరొకటి లేదు. చెడిన మూత్రపిండములు గలవారిలో లవణము మరీ క్షీణించినను ప్రాణాపాయమే గనుక, ప్రతిదినము పరిశీలించు వైద్యుడును ప్రయోగశాలయును లేక దానిని ఇంట అనుష్ఠించుట సాహసము.

ఇక్కడ తెలుగు పాఠకునికి కలుగు సందేహము సహజము. అన్నమే మందైనచో, గోదావరి, కృష్ణా తీరములందు మూడుపూటల అన్నమే తినుచున్న మనకు ఈ వ్యాధి ఏల రావలెను? మన విస్తరిలో అన్నము ఉప్పునకు వాహనము మాత్రమే. మొదటి ముద్దకు ఆవకాయ, కడపటి ముద్దకు ఊరమిరపకాయ, నడుమ అప్పడము, వడియము, తీరప్రాంతములలో ఉప్పుచేప. నౌపడా, చినగంజాముల ఉప్పుకొఠార్లు కలకాలము మన జాడీలను నింపుచునే యున్నవి. ఆ ఉప్పుపై పన్నును ధిక్కరించి 1930లో తీరమున చెరసాలకు పోయిన తరమునకు, ఉప్పు తగ్గింపుమని చెప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

చప్పిడికూడు మనకు తెలియనిది కాదు. పథ్యమనగా మొదట మానిపించునది ఉప్పు, పులుపు, నూనెలే. ఆదివారము సూర్యుని నెపమున ఉప్పు మాను వ్రతమును మన యిండ్లలో కలదు. చరకసంహిత పిప్పళ్ళు, క్షారము, లవణము అను మూటిని మితిమీరి సేవింపరాదని హెచ్చరించినది. దీనిని పట్టుకొని మన పూర్వులకు రక్తపోటు తెలియునని వాదించువారితో నేను ఏకీభవింపజాలను. వారికి తెలిసినది మితము. పోటును కొలిచి చెప్పుటకు పట్టీ కావలసివచ్చెను.

కెంప్నర్ సిద్ధాంతములోని లోపమును ఇతరులు త్వరలోనే బయటపెట్టిరి. 1945లో గ్రోల్‌మన్, హారిసన్ మున్నగువారు ఇతరాహారము నిచ్చి సోడియమును మాత్రము అట్లే కట్టడిచేసినను పోటు తగ్గునని చూపిరి. 1950లో బ్రిటను పరిశోధకులును పథ్యములోని మందు సోడియము లేకపోవుటయే యని తేల్చిరి. మాంసకృత్తులు తగ్గింపబూనిన వైద్యుడు తెలియకయే ఉప్పును పోగొట్టి ఫలము పొందెనన్నమాట. పిదప ఔషధములు వచ్చెను. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, మనము పాతాళగంధి యని పిలుచు సర్పగంధపు వేరు పోటును దించునని బ్రిటిషు హృద్రోగపత్రికలో ప్రకటింపగా, పాశ్చాత్యలోకము మొదటిసారి ఆ మూలికను చేకొనెను. 1950వ దశకాంతమున థయజైడు మాత్రలు వెలువడి, దేహమునందలి ఉప్పును మూత్రముతో వెడలగొట్టజొచ్చెను. అన్నపుటిండ్లలో కూర్చుండి నెలలకొలది సాధించినదానిలో పెద్దభాగమును ఒక మాత్ర సాధించుచుండగా పథ్యమునకు ఎవరు వచ్చెదరు? డర్హమునకు తరువాత వచ్చినవారిలో స్థూలకాయులే హెచ్చు; 1975లో కెంప్నర్ ప్రకటించిన 106 మందియు పథ్యముతోడను నడకతోడను తలకు 45 కిలోగ్రాములకు తక్కువ కాకుండ బరువు దించినవారు.

అన్నము తినియు రక్తపోటున మ్రగ్గినవారు మనము మాత్రమే కాము. జపాను ఉత్తరభాగమందలి అకితా ప్రాంతమువారు, మంచుకాలమంతయు ఉప్పులో ఊరిన కూరలతోడను, మిసో అను ఉప్పు సోయాముద్దతోడను అన్నము తినుచు, దినమునకు ఇరువదియైదు గ్రాములకు మించి ఉప్పు పుచ్చుకొని, నడివయస్సుననే పక్షవాతమున పడిపోవుచుండిరి. 1960లో లూయీ డాల్ ఐదు జనసమూహములను ఒక గీతపై నిలిపినపుడు అందు కడపటి కొస వారిది. పొరుగున అవొమొరిలో ససాకి అను వైద్యుడు వేరొక విశేషము కనుగొనెను: ఆపిల్ తోటలు గల పల్లెలలో, పండ్లు హెచ్చుగా తినువారికి పోటు తక్కువ. పండ్లలోని పొటాసియము దేహమునుండి సోడియమును త్రోసివేయును. కెంప్నర్ విస్తరిలో ఉప్పు లేకుండుట ఎంత ముఖ్యమో పండ్లు నిండియుండుటయు అంత ముఖ్యమని ఈ పల్లెలు చెప్పకచెప్పినవి. ఆ దేశమువారు నగానో రాష్ట్రమున చేసినపని నాకు మిక్కిలి నచ్చును: ఊరి స్త్రీలే ఆరోగ్య కార్యకర్తలై, ఇల్లిల్లు తిరిగి మిసో పులుసులోని ఉప్పును కొలిచి, ఆ యింటి యిల్లాలితో కూర్చుండి తగ్గించు ఉపాయము చెప్పిరి. 1972లో ఫిన్లాండు దేశపు ఉత్తర కరేలియాలో ప్రారంభించిన కార్యక్రమమును ఇట్టిదే. అచ్చట రొట్టె కాల్చువారిని, మాంసము అమ్మువారినికూడ ఉప్పు తగ్గించుటకు ఒప్పించిరి.

1997లో అమెరికాలో డాష్ అను ఆహారనియమపు పరీక్షాఫలితములు వెలువడెను: పండ్లు, కూరగాయలు, వెన్నతీసిన పాలు హెచ్చుగాను, క్రొవ్వు తక్కువగాను గల భోజనమును 459 మందిపై పరీక్షింపగా, పోటు హెచ్చుగా నున్నవారిలో పైఅంకె సగటున పదకొండు పాయింట్లు దిగినది. ఉప్పును మార్చకయే ఇంత జరిగెను. 2001లో ఉప్పునుకూడ తగ్గించి చూడగా ఇంకను దిగెను. ఈ పరీక్ష జరిగిన నాలుగు కేంద్రములలో ఒకటి డ్యూక్ వైద్యశాలయే. మొదటి డాష్ ఫలితములు వెలువడిన 1997లోనే కెంప్నర్ మరణించెను. ఆయన రోగులకు దుర్భరమైన పథ్యము ఇంటి విస్తరిలో ఇముడునంతగా మెత్తబడుటకు అరువదేండ్లకు దగ్గరగా పట్టెను. నేటి ప్రపంచారోగ్యసంస్థ సలహా దినమునకు ఐదు గ్రాముల ఉప్పు. మన యిండ్లలో దానికి రెట్టింపు దగ్గరకు పోవుట సాధారణము.

ఇటీవల చైనాలో 600 గ్రామములలో ఇరువది వేలకు పైబడిన జనముపై మరియొక పరీక్ష జరిగెను. రుచి మానుమని ఎవరికిని చెప్పలేదు. సాధారణపు ఉప్పునకు బదులు నాలుగవవంతు పొటాసియము క్లోరైడు కలిపిన ఉప్పును సగము గ్రామములవారికిచ్చి ఐదేండ్లు చూచిరి. 2021లో వెల్లడియైన ఫలితములలో ఆ గ్రామములలో పక్షవాతము నూటికి పదునాలుగు పాళ్ళు తగ్గెను. అయితే ఈ ఉప్పు మూత్రపిండములు దెబ్బతిన్నవారికి తగదు. పొటాసియము వెడలలేక రక్తమున పేరుకొని గుండెను ఆపగలదు. కావున అట్టివారిని పరీక్షలో చేర్చుకొనలేదు. డర్హమ్ పథ్యము ఎవరికొరకు పుట్టినదో వారికి మాత్రము నేటికిని వైద్యుని తనిఖీలో సాగు చప్పిడియే గతి.