పాత అతుకులు - క్రొత్త బొంత

పల్లెలలో పాత భోషాణము తెరచినప్పుడు దస్తావేజుల క్రింద నొక గుడ్డమూట కానవచ్చుట కలదు. అందు చీరచెరగులు, ధోవతిముక్కలు చదరములుగా కత్తిరింపబడి, నాలుగేసి ఆరేసి జతగా కుట్టబడి, బొంత కాకయే నిలిచిపోయియుండును. కుట్టిన అవ్వ నేడు లేదు. ఈ అతుకులనేమి చేయవలెను? పారవేయుటకు మనసొప్పదు. దాచినచో పురుగు తినును. క్రొత్త బొంతలో చేర్చినచో అవ్వ చేతిపని చెడునేమో యని శంక. ఈ శంకకు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది.

సంస్కృతమున కంథ యనునదే మన బొంత. దీనిని పేదరికపు గుర్తుగా తలచువారు కలరు. కాని దీని వెనుక గొప్ప చరిత్ర యున్నది. బౌద్ధుల వినయపిటకమున నొక కథ కలదు. బుద్ధుడు మగధదేశమున పొలములను, వాని గట్లను చూచి, భిక్షువుల చీవరములను ఆ తీరున కుట్టవచ్చునా యని ఆనందునడిగెను. ఆనందుడు గుడ్డను ముక్కలు చేసి అట్లే కూర్చెను. గుడ్డముక్క మడియైనది, కుట్టు గట్టైనది.

ఆ గ్రంథముననే మరియొక కథ. కౌశాంబి రాజగు ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు ఐదువందల వస్త్రములిచ్చిరి. ఇన్ని యేల యని రాజు అడిగెను. చినిగిన చీవరములవారికి పంచెదమని ఆనందుడు చెప్పెను. మరి వారి పాతవో? అవి పైకప్పుడు దుప్పట్లగును. అవియు చివికినచో పరుపు గలీబులు. పిమ్మట నేలపరపులు, కాలితుడుపు గుడ్డలు, దుమ్ముగుడ్డలు. తుదకు వానిని నలుగగొట్టి మట్టిలో కలిపి నేలకు పూయుదుమనెను. రాజు సంతసించి మరి ఐదువందల వస్త్రములిచ్చెను.

ఇది మనకు దూరపు కథ కాదు. 2022లో పరవాడ చేరిన అనకాపల్లి జిల్లాలోనే శంకరము గ్రామమున్నది. అచ్చటి బొజ్జన్నకొండ, లింగాలకొండలపై రాతిలో తొలచిన స్తూపములు కలవు. సంఘారామమను మాటయే శంకరమైనదందురు. అతుకుల చీవరములు ధరించిన భిక్షువులు ఈ నేలపై నడచిరి.

ఈ పని సరిహద్దులు దాటినది. చైనా పడమటి యెల్లనున్న తున్‌హువాంగ్ గుహలలో 1907లో ఆరెల్ స్టెయిన్ పండితునకు పట్టుముక్కలతో కూర్చిన యొక బౌద్ధవస్త్రము దొరికినది. అది 8, 9 శతాబ్దుల నాటిది. వంగదేశపు స్త్రీలు కంథ కుట్టుటకు పాతచీర అంచులనుండియే దారము తీయువారు. అమెరికాలోని అలబామా రాష్ట్రమున మిస్సోరీ పెట్వే యను స్త్రీ 1942లో గతించిన భర్త పనిబట్టలను కోసి బొంత కుట్టినది. అతని జ్ఞాపకమును కప్పుకొని నిదురించుట ఆమె కోరిక. మన గంగిరెద్దు వీపుమీది రంగురంగుల బొంతను చూడుడు. సంక్రాంతినాడు ఇంటింట ఇచ్చిన పాతబట్టలు ఆ యెద్దుకు అలంకారమైనవి.

వీరందరు చెప్పునది ఒక్కటే: అతుకు ఒక పనినుండి మరియొక పనికి సాగుటచేతనే బ్రతుకును. కావున అవ్వ అతుకులను క్రొత్త బొంతలో చేర్చుట ద్రోహము కాదు. ఆమె నిలిపిన పనిని ముగించుట.

అయితే కొన్ని జాగ్రత్తలు వలెను. అవ్వ కుట్టు వంకరగానున్నదని విప్పరాదు. ఆ వంకరయే ఆమె చేవ్రాలు. తడిపిన తెల్లగుడ్డతో మూల నద్ది, రంగు దిగునేమో చూడవలెను. వెలుగుకెత్తి పట్టినచో చివికినచోటు తెలియును. దానివెనుక మెత్తని నూలుగుడ్డ వేయవలెను. క్రొత్తగుడ్డను ముందుగా తడిపి ఆరవేయవలెను. లేనిచో తరువాత ముడుచుకొని పాతదానిని లాగి చింపును. ఒరపిడి యెక్కువగల అంచులకు క్రొత్తగుడ్డను, నడుమకు పాత అతుకులను ఉంచవలెను. ఉతుకునప్పుడు బండపై బాదక, నీట నానబెట్టి, నీడను పరచి ఆరవేయవలెను.

పరవాడ ప్రాంతము మన కన్నులయెదుటనే మారినది. 2002లో సింహాద్రి విద్యుత్కేంద్రము పని మొదలిడినది. పిమ్మట ఔషధ కర్మాగారములు వచ్చినవి. ఇండ్లు మారినవి, దుప్పట్లు అంగడినుండి వచ్చుచున్నవి. భోషాణములోని మూటను గుర్తుపట్టగలవారు మీరే. ఈ చీర ఎవరిది, ఈ చదరము ఎవరు కుట్టిరి, ఏ శుభకార్యమునకై మొదలిడిరి యను సంగతులు మీతోనే యున్నవి. పిల్లలను పిలిచి చెప్పుడు. క్రొత్త బొంత మూలను అవ్వ పేరు, సంవత్సరము దారముతో కుట్టించుడు. రేపు పుట్టబోవు మనుమరాలు దానిలో నిదురించినచో, ఎన్నడును చూడని అవ్వ చేయి ఆమెను తాకును.