రైలు పట్టాల కింద మన అడవులు

భూమి వేడెక్కుతోంది అనగానే మన కళ్ల ముందుకొచ్చేవి పొగ గొట్టాలు, కార్లు, ఏసీలు. అడవి లెక్క మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. 1850 నుంచి మనుషుల వల్ల గాల్లో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 30 శాతం అడవులు కొట్టేయడం, భూమిని వేరే పనులకి మళ్లించడం వల్ల వచ్చిందే. మరి మన దగ్గర ఆ అడవిని ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు?

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది. స్కూల్లో ఇంతవరకే చదువుకున్నాం. పట్టాల కింద అడ్డంగా పరిచే స్లీపర్లు ఉంటాయి కదా, అవి అప్పట్లో ఎక్కువగా చెక్కవే. టేకు, సాలు, దేవదారు. మైలుకి తక్కువలో తక్కువ 1,760 కావాలి. మైలంటే 1,760 గజాలు, అంటే గజానికో దుంగ! చదివింది బీటెక్ కాబట్టి చెయ్యి ఊరుకోదు, నేనూ ఓ లెక్క వేశాను. 1910 నాటికి దేశంలో రైలు మార్గం 50 వేల కిలోమీటర్లు దాటింది, అంటే 31 వేల మైళ్లు. అన్నీ చెక్కవే అనుకుంటే దాదాపు ఐదున్నర కోట్ల స్లీపర్లు. కొన్నిచోట్ల ఇనుపవి వేశారు, అవి తీసేయండి. కానీ మన ఎండకీ వానకీ చెదలకీ చెక్క పుచ్చిపోతుంది, కొన్నేళ్లకే మార్చాలి. అవి కలపండి. పైగా మద్రాసు వైపు మొదట్లో ఇంజన్లలో కాల్చింది కూడా కట్టెలే.

అడవి తరిగిపోతోందని దొరలకీ తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీలో క్లెగ్‌హార్న్ అనే డాక్టరు అప్పట్లోనే మొత్తుకున్నాడు. 1864లో బ్రాండిస్ అనే జర్మన్‌ని పెట్టి అటవీ శాఖ మొదలెట్టారు. 1865లో ఓ చట్టం, 1878లో ఇంకా గట్టిది, మద్రాసుకి 1882లో విడిగా ఒకటి. పేరు రక్షణ. నన్నడిగితే అది స్టాక్ మేనేజ్‌మెంట్.

ఆ స్టాక్‌కి అడ్డం అడవిలో బతికేవాళ్లు. గోదావరి మన్యంలో కొండరెడ్లు, కోయలు కొంత మేర చెట్లు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి వదిలేసేవాళ్లు. వదిలిన చోట మళ్లీ అడవి లేచేది. అదే పోడు. సర్కారు కంటికి పోడు నేరం, వేల మైళ్ల దుంగలేమో అభివృద్ధి. 1879 రంప తిరుగుబాటుకి అసలు నిప్పు కల్లు మీద పన్ను, మున్సబుదారు దోపిడీ. అడవి ఆంక్షల కోపం కూడా అందులో ఉంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదిలేనాటికి పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ముందుకొచ్చేశాయి. సినిమాల్లో మనకి బాణాలు చూపిస్తారు, వాటి వెనకున్న అటవీ చట్టం చూపించరు.

2023లో కార్బన్ బ్రీఫ్ అనే సంస్థ ఓ లెక్క కట్టింది. వలస పాలనలో వెలువడిన కార్బన్‌ని పాలించిన దేశం ఖాతాలో వేస్తే, చరిత్ర మొత్తంలో బ్రిటన్ వాటా 3 నుంచి 5.1 శాతానికి పెరిగింది.

1947 తర్వాత మనమూ తక్కువేం కొట్టలేదు. డ్యాములకీ గనులకీ చాలా పోయింది. 1882 నాటి మద్రాసు చట్టం స్థానంలో ఆంధ్రప్రదేశ్‌కి సొంత అటవీ చట్టం రావడానికే 1967 అయింది. 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలో గిరిజనులకి చారిత్రక అన్యాయం జరిగిందని పార్లమెంటే రాసుకుంది. ఆ చట్టం కింద పోడు పట్టాలకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల ఏజెన్సీల్లో ఇంకా ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.