మిగ్ మంట చల్లబడిన కథ

18 గేజి పైపు గోడ మందం 1.2 మిల్లీమీటర్లు. దాని మీద ఐదు వేల డిగ్రీలు దాటిన ఆర్క్ పెట్టాలి. బొక్క పడకూడదు, గుట్ట కట్టకూడదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా బీడ్, అంటే అతుకు గీత, ఒకే వెడల్పులో సాగాలి. కుర్చీలు, మంచాలు, బస్సు సీట్లు చేసే షెడ్లలో తీగను ఆగకుండా దించుతూ, చుట్టూ వాయువు కప్పుతూ అతికే మిగ్ యంత్రంతో రోజూ జరిగే పనే ఇది. మన పనివాళ్లు చాలామంది దీన్ని కో2 వెల్డింగ్ అంటారు. అయితే ఈ యంత్రాన్ని కనిపెట్టింది పల్చటి పైపు కోసం కాదు. ఆ మాటకొస్తే ఉక్కు కోసం కూడా కాదు. దళసరి అల్యూమినియం పలకలను త్వరగా అతకడానికి కనిపెట్టారు. అక్కడి నుంచి 18 గేజి పైపు దాకా రావడానికి అది చేసిందల్లా తన వేడిని తానే తగ్గించుకుంటూ రావడం.

మిగ్ రాకముందు పల్చటి పైపు చాలావరకు గ్యాస్ వెల్డర్ల సొత్తు. ఫ్రాన్సులో ఎడ్మండ్ ఫూషే, చార్లెస్ పికార్ 1903లో ఆక్సీ-ఎసిటిలీన్ టార్చిని పనికి వచ్చేలా తయారుచేశారు. పదేళ్లు తిరిగేసరికి ఆ టార్చి విమానాల షెడ్లలోకి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ కోసం ఫోకర్ సంస్థ చేసిన విమానాల ఒళ్లు చెక్కతో కాక సన్నటి ఉక్కు గొట్టాలతో అల్లినవి. ఆ అల్లికలో ఆరితేరిన రైన్‌హోల్డ్ ప్లాట్జ్ సంస్థలో వెల్డరుగా చేరినవాడే. గ్యాస్ మంట నెమ్మదైనది. దగ్గరికి పెట్టొచ్చు, దూరం జరపొచ్చు, ఇనుము కరిగి మెరిసే దాకా ఆగి అప్పుడు తీగ ముంచొచ్చు. అందుకే పల్చటి పైపు దానికి లొంగింది. కాకపోతే ఆ నెమ్మది వల్ల అతుకు చుట్టూ జానెడు మేర ఇనుము ఎర్రబడి, పైపు వంకర పోయేది.

సైకిలు ఫ్రేములు చేసేవాళ్లు ఆ గొడవ లేకుండా వేరే దారి పట్టారు. పైపులను అసలు కరిగించకుండా, కీళ్ల దగ్గర లగ్గులనే తొడుగులు వేసి ఇత్తడి పోసి అతికారు. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లోనే ఇంకో ఉపాయం పేటెంటు చేయించాడు. పైపు మధ్యలో పల్చగా ఉంటుంది, రెండు కొసల్లో మాత్రం లోపలివైపు మందం పెంచుతారు. అతుకు పడేదీ, వేడి తగిలేదీ, బరువు పడేదీ కొసల్లోనే కదా. అతుకు పెట్టే పరికరాన్ని మార్చలేనప్పుడు పైపునే మార్చుకున్న తెలివి అది. 1935లో వచ్చిన ప్రసిద్ధ రేనాల్డ్స్ 531 పైపు వెనక ఉన్నదీ ఆ తెలివే.

ఇక కరెంటు సంగతి. రష్యాలో నికొలాయ్ బెనార్డోస్ 1880లలో కార్బన్ కడ్డీతో ఆర్క్ రప్పించి ఇనుము అతికాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానోవ్ కార్బన్ బదులు ఇనుప కడ్డీనే పెట్టి, దాన్నే కరిగించి అతుకులో పోశాడు. స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పూత పూశాడు. 1904లో ఆయన పెట్టిన సంస్థే ఈనాటి ఎసాబ్. మన ఊళ్లలో రాడ్డు వెల్డింగ్ అంటే ఇప్పటికీ ఆ పూత కడ్డీయే. 1920లో ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో రివెట్లు లేకుండా మొత్తం వెల్డింగ్‌తోనే కట్టిన ఫుల్లగర్ అనే ఓడ నీళ్లలోకి దిగింది. ఓడకు పనికొచ్చింది గానీ పైపు దగ్గర రాడ్డు తడబడింది. 2.5 మిల్లీమీటర్ల రాడ్డు సరిగ్గా వెలగాలంటే సుమారు 60 ఆంపియర్లు కావాలి. పల్చటి పైపు భరించగలిగేది ఇంచుమించు అంతే. పైగా రాడ్డు కాలుతూ పొట్టిదవుతుంటే చెయ్యి కిందికి దిగుతూ ఉండాలి, పక్కకీ నడవాలి. చుట్టూ తిరిగే పైపు మీద ఈ రెండూ ఒకేసారి కుదరడం పెద్ద చేతికే కష్టం.

కిందికి దిగే పనిని యంత్రానికి అప్పగిస్తే? అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన పి. ఓ. నోబెల్ 1920లో అదే చేశాడు. చుట్టలోంచి పూత లేని తీగ ఆగకుండా దిగుతుంది. ఆర్క్ వోల్టేజిని బట్టి తీగ వేగం మారుతుంది. అరిగిన మోటారు షాఫ్టుల మీద, క్రేన్ చక్రాల మీద ఇనుము నింపడానికి వాడారు. పూత లేని తీగకు గాలి తగిలితే అతుకు పెళుసెక్కుతుంది కాబట్టి ఆ పద్ధతి ఎక్కువ దూరం పోలేదు. గాలిని తోసెయ్యడానికి హీలియం, ఆర్గాన్ వాడే ఆలోచనలు హోబర్ట్, డెవర్స్ పేర్లతో 1926 నుంచీ పేటెంటు కాగితాల్లో ఉన్నాయి. ఆ వాయువులు అప్పట్లో బంగారం ధర. 1941లో నార్త్‌రప్ విమాన సంస్థలో రసెల్ మెరెడిత్ మెగ్నీషియం అతకడం కోసం హీలియంలో టంగ్‌స్టన్ మొనతో ఆర్క్ వెలిగించాక గానీ దారి తెరుచుకోలేదు. అదే టిగ్, మన షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్. పల్చటి పైపు పనిలో ఇప్పటికీ దానికి పోటీ లేదు. కానీ ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో తీగ పట్టుకుని నెమ్మదిగా నడవాలి. గంటకు వంద కుర్చీ కాళ్లు తేల్చాల్సిన చోట అది కుదరదు.

నోబెల్ తీగ, మెరెడిత్ వాయువు ఒకే టార్చిలో కలిసింది 1948లో. ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని బాటెల్ సంస్థలో, ఎయిర్ రిడక్షన్ కంపెనీ కోసం జరిగిన పని అది. అదే కంపెనీకి ముల్లర్, గిబ్సన్, ఆండర్సన్ పేర్లతో 1950లో పేటెంటు వచ్చింది. తీగ సన్నబడటం, ఆర్గాన్ చేరడం అందరికీ కనిపించే మార్పులు. కనిపించని అసలు మార్పు కరెంటు పెట్టెలో జరిగింది. హెచ్. ఇ. కెన్నెడీ తయారుచేసిన ఆ పెట్టె వోల్టేజిని దాదాపు స్థిరంగా ఉంచి, కరెంటును దాని ఇష్టానికి వదిలేస్తుంది.

దీని మహిమ కాస్త ఆగి చూడాలి. తీగ ఒకే వేగంతో దిగుతూ ఉంటుంది. ఎక్కడైనా తీగ మొన ఇనుముకు దగ్గరైతే ఆర్క్ పొట్టిదవుతుంది, కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, తీగ త్వరగా కరుగుతుంది, మొన మళ్లీ వెనక్కి వస్తుంది. దూరమైతే కరెంటు తగ్గి, తీగ నెమ్మదిగా కరిగి, మొన మళ్లీ ముందుకు వస్తుంది. నోబెల్ యంత్రంలా తీగ వేగాన్ని మార్చే తతంగం అక్కర్లేదు. ఆర్క్ తన పొడవును తానే చూసుకుంటుంది. మిగ్ మీద కరెంటు తిప్పే నాబ్ విడిగా ఉండకపోవడానికి కారణం ఇదే. తీగ వేగం పెంచితే కరెంటు పెరుగుతుంది, వోల్టేజి పెంచితే ఆర్క్ పొడవు పెరుగుతుంది. కొత్తగా పట్టినవాళ్లు ఈ రెంటినీ కలగలిపి తిప్పుతుంటే చిరాకేస్తుంది.

అప్పటి మిగ్‌లో లోహం సన్నటి తుంపరలుగా పడేది. చూడటానికి అందంగా ఉంటుంది, చిటపటలు ఉండవు. కానీ ఉక్కులో ఆ తుంపర రావాలంటే 1.2 మిల్లీమీటర్ల తీగకు 200 ఆంపియర్లు దాటాలి. పల్చటి పైపు మీద పెడితే అతుకు పడదు, పైపు తెగి రెండవుతుంది. పైగా ఉక్కు చవక, ఆర్గాన్ ఖరీదు. ఈ రెండో చిక్కును సోవియట్ రష్యాలో 1953లో ల్యుబావ్‌స్కీ, నొవోజిలోవ్ తీర్చారు. ఆర్గాన్ బదులు కార్బన్ డయాక్సైడ్ వాడారు. ఆర్క్ వేడికి ఆ వాయువు విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌ను పట్టుకోవడానికి తీగలో మాంగనీసు, సిలికాన్ ఎక్కువగా కలిపారు. ఇవాళ రాగి పూతతో మెరుస్తూ వచ్చే మామూలు మిగ్ తీగలో ఉన్నదీ ఈ రెండే. అతుకు మీద అక్కడక్కడా గోధుమరంగు గాజు పెంకుల్లా రాలేవి ఆ మాంగనీసు, సిలికాన్ ఆక్సిజన్‌ను పట్టుకుని మిగిల్చిన అవశేషాలు. ఖర్చు తగ్గింది గానీ పైపు మాత్రం ఇంకా దూరంగానే ఉంది. కార్బన్ డయాక్సైడ్‌లో తుంపర రాదు. లోహం పెద్ద పెద్ద బొట్లుగా ఊగుతూ పడి, చుట్టూ చిమ్ముతుంది.

1958-59లో వచ్చిన షార్ట్ ఆర్క్‌తో పల్చటి పైపు కథ అసలు మొదలైంది. తీగను 0.8, 0.9 మిల్లీమీటర్లకు సన్నం చేశారు. వోల్టేజిని 16, 17 వోల్టులకు దింపారు. అంత తక్కువలో ఆర్క్ నిలకడగా ఉండలేదు. తీగ వెళ్లి కరిగిన ఇనుములో మునుగుతుంది, ఆర్క్ ఆరిపోతుంది, షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కరెంటు పెరిగి, తన అయస్కాంత బలంతోనే తీగ మొన దగ్గర మెడ నొక్కుతుంది. బొట్టు తెగి ఇనుములో కలిసిపోతుంది, ఆర్క్ మళ్లీ వెలుగుతుంది. ఇదంతా సెకనుకు 20 నుంచి 200 సార్లు. ఆర్క్ ఆరిన ప్రతి క్షణమూ ఇనుముకు ఊపిరి తీసుకునే సందు దొరికినట్టే. పక్కన నిలబడి వింటే వచ్చే సన్నటి, తెగని చిరచిర శబ్దం ఆ ఆరడమూ వెలగడమూనే. శబ్దం తెగితెగి టపటపమంటే సెట్టింగ్ కుదరలేదని పాత వెల్డర్లు చూడకుండానే చెప్పేస్తారు.

మెడ నొక్కే కరెంటు మరీ దూకుడుగా పెరిగితే బొట్టు పేలి చిమ్ముతుంది. ఆ దూకుడును ఆపేదే ఇండక్టెన్స్. కొన్ని యంత్రాల మీద దానికి విడిగా నాబ్ ఉంటుంది, చాలామంది ముట్టుకోరు. పెంచితే ఆర్క్ మెత్తబడి, బీడ్ అంచులు పైపులోకి చక్కగా ఒదుగుతాయి. బాగా తగ్గిస్తే బీడ్ తాడులా పైకి ఉబుకుతుంది. నన్నడిగితే, ఒకే తీరు బీడ్ కోసం అష్టకష్టాలు పడేవాళ్లలో సగంమందికి కావలసింది కొత్త టార్చి కాదు, ఆ నాబ్‌ను కాస్త తిప్పే ధైర్యం.

షార్ట్ ఆర్క్ మామూలు షెడ్డుకు దిగి రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, కారణం కార్లు. ఛాసీ విడిగా లేకుండా, పల్చటి గట్టి ఉక్కు రేకులతోనే బాడీ కట్టడం మొదలయ్యాక, గ్యాస్ వేడి తగిలిన చోటల్లా ఆ ఉక్కు బలం పోయేది. 1979లో అమెరికాలో ఐ-కార్ అనే శిక్షణ సంస్థ పుట్టినప్పుడు బాడీ షాపుల వాళ్లకు ముందుగా నేర్పినవాటిలో మిగ్ ఒకటి. 1980ల నుంచి ఇన్వర్టర్లు వచ్చి యంత్రం బరువు తగ్గింది. మన దగ్గర మొదట్లో పెద్ద కర్మాగారాల్లోనే కనిపించిన మిగ్, ఇప్పుడు లారీలు, బస్సులకు బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చిన్న షెడ్లకూ అందుబాటులోకి వచ్చింది.

ఇంత చేసినా యంత్రం పైపు దగ్గర ఒక పని చెయ్యలేదు. ఆర్క్ పొడవును చూసుకుంటుంది గానీ చెయ్యి ఎంత వేగంగా నడుస్తోందో దానికి తెలియదు. పలక మీద వేడి నాలుగు వైపులా పారిపోతుంది. పైపుకు ఆ దారి లేదు. చుట్టూ తిరిగేసరికి, మొదలుపెట్టిన చోటికి వేడి మనకన్నా ముందే చేరి కూర్చుంటుంది. అందుకే బీడ్ మొదట్లో ఉబ్బెత్తుగా, సన్నగా ఉండి, చివరికి వెడల్పై కుంగుతుంది. దీనికి మందు ఒక్కటే, ఒకే ఊపులో చుట్టెయ్యకపోవడం. నాలుగు వైపులా చుక్క అతుకులు (ట్యాక్) వేసి, పావు చుట్టు పెట్టి, ఎదురుగా ఉన్న పావుకు వెళ్లాలి. కొసను రెండో పైపు ఒంపుకు సందు లేకుండా కొయ్యాలి. మిల్లీమీటరు సందు ఉన్నా పల్చటి అంచు వెనక్కి కరిగిపోతుంది. కరెంటుకు వెల్డర్లు వాడే లెక్క మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు. అంటే 1.6 మిల్లీమీటర్ల పైపుకు 65 దరిదాపులు. నాజిల్లోంచి బయటికొచ్చిన తీగ 8, 10 మిల్లీమీటర్లు దాటకూడదు. అది పెరిగితే ఆర్క్ పొడవు అలాగే ఉన్నా కరెంటు పడిపోయి, బీడ్ పైపైనే కూర్చుంటుంది. 80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన సిలిండరు దొరికితే ఆర్క్ ఇంకా మెత్తగా ఉంటుంది. జింకు పూత పైపైతే అతుకు దగ్గర పూత గీకి, గాలి ఆడే చోట పెట్టాలి. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

నాణేలు వరసగా పేర్చినట్టుండే బీడ్ మీద మోజు ఇప్పుడు బాగా పెరిగింది. టిగ్‌లో తీగ ముంచిన ప్రతిసారీ ఒక అల ఏర్పడుతుంది కాబట్టి అది సహజం. మిగ్‌లో తీగ ఆగదు. ఆ రూపం కోసం ట్రిగ్గర్ నొక్కి వదులుతూ పోతే ఒక్కో చుక్కా చల్లారిన ఇనుము మీద పడి, అడుగున అతుక్కోకుండానే అందంగా కనిపించే ప్రమాదం ఉంది. అతి పల్చటి రేకు మీద బొక్క పడకుండా ఉండటానికి చుక్కలుగా పెట్టడం వేరు, ఫొటో కోసం పెట్టడం వేరు. మిగ్ బీడ్ నున్నగా ఉంటేనే మిగ్ బీడ్.

చల్లబరిచే పని ఇంకా ఆగలేదు. 1960లలో కరెంటును క్షణక్షణం పెంచుతూ తగ్గిస్తూ నడిపే పల్స్ పద్ధతి వచ్చింది. 2000ల దశాబ్దం మధ్యలో ఆస్ట్రియాకు చెందిన ఫ్రోనియస్ తీగ ముంచి వెంటనే వెనక్కి లాగే యంత్రాన్ని తెచ్చింది. సెకనుకు దాదాపు 70 సార్లు. బొట్టు తెంపడానికి కరెంటు పెంచాల్సిన పనే ఉండదు. ధర మాత్రం చిన్న షెడ్డుకు అందనిది. ఇంకోవైపు ఆన్‌లైన్లో గ్యాస్ అక్కర్లేదంటూ అమ్ముతున్న చవక యంత్రాలున్నాయి. వాటిలో పౌడరు నింపిన తీగ వాడాలి. పల్చటి పైపు మీద నేర్చుకునేవాళ్లకు అవి సరైన తోడు కావు.

యంత్రం ఏదైనా సరే, పని మొదలుపెట్టే ముందు అదే గేజి పైపు ముక్కలు రెండు అతికి, మధ్యకు కోసి చూడండి. లోపలి గోడ దాకా అతుకు దిగి, గోడ కుంగకపోతేనే ఆ సెట్టింగ్‌తో అసలు పైపు ముట్టుకోండి.