వెళ్ళొస్తానన్నవాడు నిజంగానే వచ్చేస్తే...

మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "వెళ్ళొస్తా అనరా" అని కేకలేస్తారు. మాటవరసకి అనేదే అయినా అందులో ఓ చిన్న ప్రమాదం ఉంది. సన్మానం చేసి, శాలువా కప్పి, కళ్ళనీళ్ళతో సాగనంపిన మనిషి నాలుగు నెలలు తిరక్కుండానే వచ్చి "నా కుర్చీ నాకిచ్చెయ్యండి" అంటే ఏం చేస్తారు? అప్పటికే ఆ కుర్చీలో వేరేవాణ్ణి కూర్చోబెట్టేసి ఉంటే?

2008 ఎండాకాలంలో అమెరికాలోని గ్రీన్ బే అనే చిన్న ఊరికి సరిగ్గా ఇదే ఇబ్బంది వచ్చిపడింది. అప్పటికి నేను స్కూల్లో ఉన్నాను, అమెరికన్ ఫుట్‌బాల్ అనేదొకటుందని కూడా తెలీదు. ఈ కథ నాకు చెప్పింది మా టీమ్‌లో పనిచేసే ఓ పెద్దాయన. ఊరు విస్కాన్సిన్. తన సీటు వెనక గోడకి డిగ్రీ పట్టా బదులు ఓ షేర్ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నాడు. డివిడెండ్ రాదు, అమ్ముకోవడానికి లేదు, ధర పెరగదు. "మరెందుకండీ కొన్నారు?" అని అడిగితే అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు.

ఆ షేరు గ్రీన్ బే ప్యాకర్స్ టీమ్‌ది. ఈ ఆటలో మిగతా టీములకి కోటీశ్వరులు యజమానులైతే, దీనికి మాత్రం జనమే యజమానులు. 1923 నుంచీ ఇదే పద్ధతి. లక్ష జనాభా ఉన్న ఊరు, ఇప్పటికి 5 లక్షల పైచిలుకు వాటాదారులు. కాబట్టి అక్కడ "మన టీమ్" అంటే ఉత్తినే అనడం కాదు, చేతిలో కాయితం ఉంది.

క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. టీమ్ చేతికి బంతి వచ్చినప్పుడల్లా ముందు పట్టుకునేది ఇతనే. ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోపు నూటయాభై కిలోల మనుషులు మీదకొచ్చి పడుతుంటారు. విసిరిన బంతి అవతలి టీమ్ వాడి చేతిలో పడితే ఇంటర్‌సెప్షన్. టీమ్‌లో ఎంతమంది ఉన్నా ఈ పనికి ఒక సమయంలో ఒక్కడే. కథంతా ఈ "ఒక్కడే" దగ్గరే ఉంది, గుర్తుంచుకోండి.

ఇక మన కథానాయకుడు బ్రెట్ ఫార్వ్. (ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే ఫావ్రే అని చదవాలనిపిస్తుంది, పలికేది మాత్రం ఫార్వ్. తెలుగులో రాస్తే ఈ బాధే లేదు!) 1969లో పుట్టాడు, మిసిసిపీ రాష్ట్రంలో పల్లెటూరి పెంపకం. 1991లో అట్లాంటా టీమ్ తీసుకుంది. ఆ ఏడాదంతా కలిపి విసిరినవి నాలుగు బంతులు. ఒక్కటీ మనవాళ్ళకి అందలేదు, రెండు అవతలివాళ్ళు పట్టేసుకున్నారు. అలాంటివాడి కోసం 1992లో ప్యాకర్స్ మొదటి రౌండు డ్రాఫ్ట్ అవకాశాన్నే ఇచ్చేసింది. పిచ్చా అన్నారు జనం.

1992 సెప్టెంబరు 20న సిన్సినాటీతో ఆటలో అసలు క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు. ఫార్వ్ దిగాడు. ఇంకో 13 సెకన్లలో ఆట అయిపోతుందనగా టచ్‌డౌన్ విసిరి 24-23తో గెలిపించాడు. తర్వాతి వారం నుంచి మొదటి ఆటగాడు అతనే. ఆ రోజు నుంచి 2007 సీజన్ చివరిదాకా గ్రీన్ బే ఆడిన 253 లీగ్ ఆటల్లో ఒక్కటి కూడా వదల్లేదు. విరిగిన బొటనవేలితోనూ ఆడాడు. 2003 డిసెంబరులో తండ్రి పోయిన మర్నాడు ఓక్‌లాండ్‌లో దిగి 399 గజాలు, 4 టచ్‌డౌన్లు విసిరాడు. 1995, 96, 97 వరుసగా మూడేళ్ళు లీగ్‌లో ఉత్తమ ఆటగాడు (మూడోసారి ఇంకొకరితో కలిసి). 1997 జనవరిలో సూపర్ బౌల్. పదహారేళ్ళంటే మాటలా? ఫార్వ్ మొదటి ఆట ఒకటో క్లాసులో చూసిన పిల్లాడు ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిపోతాడు.

అయితే 2005 తర్వాత ఏటా ఓ తంతు మొదలైంది. సీజన్ అయిపోగానే "మానేస్తానేమో, ఆడతానేమో" అని ఊరంతా ఎదురుచూడటం. ఆ 2005లోనే ప్యాకర్స్ డ్రాఫ్ట్‌లో 24వ వాడిగా ఏరన్ రాజర్స్ అనే కుర్రాణ్ణి తెచ్చుకుంది. తెచ్చుకుని మూడేళ్ళు బెంచ్ మీద కూర్చోబెట్టింది. బెంచ్ మీద కూర్చోవడమంటే ఏంటో మన ఐటీ జనాలకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదనుకుంటా. మూడేళ్ళలో మొత్తం 59 బంతులు విసిరాడు, అంతే.

2007 సీజన్ అదిరింది. 13 గెలుపులు, 3 ఓటములు. 2008 జనవరి 20న సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట. సున్నాకి 18 డిగ్రీలు కింద చలి. గెలిస్తే సూపర్ బౌల్. ఆట సమమై అదనపు సమయంలోకి వెళ్ళింది. ఫార్వ్ విసిరిన బంతిని జెయింట్స్ వాడు పట్టుకున్నాడు. 23-20తో ఓటమి. గ్రీన్ బే తరఫున అతని చేతిలోంచి వెళ్ళిన ఆఖరి బంతి అదే.

మార్చి 6న కళ్ళనీళ్ళు పెట్టుకుని రిటైర్మెంట్ చెప్పాడు. ఆడగలనని తెలుసుగానీ ఆడాలని లేదన్నాడు. ఊరూ ఏడ్చింది. క్లబ్బు రాజర్స్ చేతికి తాళాలిచ్చింది, ఏప్రిల్‌లో తోడుగా ఇంకో ఇద్దరు కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లని తెచ్చుకుంది. జులైలో ఫార్వ్ నుంచి కబురు: మళ్ళీ ఆడతాను.

మన భాషలో చెప్పాలంటే సీనియర్ రాజీనామా ఇచ్చాడు, కేటీ అయిపోయింది, కేకు కోశారు, యాక్సెస్‌లన్నీ జూనియర్ పేరు మీదకి మారాయి. అప్పుడొచ్చి "రాజీనామా వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. ఇక చూడండి గొడవ!

ఊరు రెండుగా చీలింది. ఒకే ఇంట్లో తండ్రొక పక్షం, కొడుకొక పక్షం. రావాలన్నవాళ్ళ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. సూపర్ బౌల్‌కి ఒక్క బంతి దూరంలో ఆగినవాణ్ణి ఎవరైనా వద్దంటారా? 59 బంతులు విసిరిన కుర్రాణ్ణి నమ్మి, 28 టచ్‌డౌన్లు విసిరినవాణ్ణి పంపేస్తారా? పైగా పదహారేళ్ళు ఒళ్ళు గుల్ల చేసుకున్న మనిషికి ఆ మాత్రం గౌరవం ఇవ్వొద్దా?

వద్దన్నవాళ్ళ వాదనా గట్టిదే. ఏటా ఇదే తంతు, ఎన్నాళ్ళు వేచి చూస్తాం? మార్చి చివర్లోనే ఒకసారి మనసు మార్చుకుని మళ్ళీ వద్దన్నాడని క్లబ్బువాళ్ళు చెప్పారు. 2007లో డాలస్‌తో ఆటలో ఫార్వ్ గాయపడితే రాజర్స్ దిగి ఎంత బాగా ఆడాడో చూశాం కదా? ఇప్పుడు ఆ కుర్రాణ్ణి మళ్ళీ బెంచ్ ఎక్కిస్తే వచ్చే ఏడాది ఇక్కడ ఉంటాడా?

ఆగస్టు 3న లాంబో ఫీల్డ్‌లో అభిమానుల ముందు ప్రాక్టీసు ఆట జరుగుతుండగా ఫార్వ్ విమానం ఊళ్ళో దిగింది. కంచె పట్టుకుని జనం. అవతల మైదానంలో రాజర్స్ బంతి జారిస్తే కొంతమంది వెక్కిరింపుగా అరిచారు. మా పెద్దాయన ఆ రాత్రి స్టేడియంలోనే ఉన్నాడట. "అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను" అని చెప్పాడు నాతో, సర్టిఫికెట్ వైపు చూడకుండా. "24 ఏళ్ళ కుర్రాడు. వాడు చేసిన తప్పేంటి? పిలిచేదాకా నోరెత్తకుండా కూర్చున్నాడు, అంతే కదా!"

కోచ్ మెకార్తీ గంటల తరబడి ఫార్వ్‌తో మాట్లాడాడు. కుదరలేదు. ఆగస్టు 6 రాత్రి అతన్ని న్యూయార్క్ జెట్స్‌కి ఇచ్చేశారు. ఆ ఒప్పందంలో ఓ మెలిక పెట్టారు: జెట్స్ గనక ఇతన్ని పక్క రాష్ట్రపు శత్రువు మినసోటా వైకింగ్స్‌కి అప్పజెబితే, పరిహారంగా మూడు మొదటి రౌండు అవకాశాలు గ్రీన్ బేకి ఇవ్వాలి. ఎంత భయపడ్డారో చూడండి.

ఇప్పుడు ఎవరు గెలిచారో చూద్దాం. ఇక్కడే నాకు ఈ కథ బాగా నచ్చింది.

2008 చివర్లో: రాజర్స్ బాగానే ఆడాడు, 28 టచ్‌డౌన్లు విసిరాడు. టీమ్ మాత్రం 6 గెలిచి 10 ఓడింది. ఫార్వ్ జెట్స్ 8-3 దాకా దూసుకెళ్ళి, అతని చెయ్యి నొప్పెట్టాక 9-7తో ఆగింది. "చెప్పామా?" అన్నారు ఫార్వ్ పక్షం.

2009లో: ఫార్వ్ మళ్ళీ రిటైరయ్యాడు, జెట్స్ వదిలేసింది (ట్రేడ్ కాదు, వదిలేయడం. కాబట్టి మెలిక పనిచెయ్యలేదు!), ఆగస్టులో వెళ్ళి వైకింగ్స్‌లోనే చేరాడు. ప్యాకర్స్‌ని రెండుసార్లూ ఓడించాడు. నవంబరు 1న లాంబో ఫీల్డ్‌లోకి ఊదారంగు చొక్కాతో వస్తే, ఒకప్పుడు పూజించిన జనమే గోలగోలగా తిట్టారు. అయినా గెలిచాడు. అక్టోబరులో నలభై నిండిన మనిషి ఆ సీజన్లో 33 టచ్‌డౌన్లు విసిరి, ఇంటర్‌సెప్షన్లు 7 మాత్రమే ఇచ్చాడు. తన జీవితంలోనే అత్యుత్తమ సీజన్లలో ఒకటి. క్లబ్బు మేనేజర్ టెడ్ థాంప్సన్ అంత తెలివితక్కువవాడు లేడని అందరూ తీర్మానించారు.

2010 జనవరి 24న: న్యూ ఆర్లియన్స్‌తో, మళ్ళీ సూపర్ బౌల్ గుమ్మంలో. స్కోరు 28-28. ఆట ముగియడానికి సెకన్లు. గాయపడ్డ కాలితో కుడివైపు పరిగెడుతూ మైదానం మధ్యకి అడ్డంగా విసిరాడు. ఇంటర్‌సెప్షన్. 31-28తో ఓటమి.

2010 ఆగస్టులో ముగ్గురు వైకింగ్స్ ఆటగాళ్ళు మిసిసిపీ వెళ్ళి బతిమాలి తీసుకొచ్చారు. ఈసారి ఒళ్ళు సహకరించలేదు. 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్‌సెప్షన్లు. డిసెంబరు 12న మంచు బరువుకి మినసోటా స్టేడియం కప్పు కూలింది. మర్నాడు డెట్రాయిట్‌కి మార్చిన ఆటలో ఫార్వ్ దిగలేదు, 297 ఆటల వరస తెగింది. వారం తర్వాత గడ్డకట్టిన నేలకి తల కొట్టుకుని పడిపోయాడు. అదే ఆఖరి ఆట. 2011 ఫిబ్రవరి 6న రాజర్స్ సూపర్ బౌల్ గెలిచాడు, ఆ ఆటలో ఉత్తముడూ అతనే. అంతే, థాంప్సన్ మేధావి అయిపోయాడు!

చూశారా? నిర్ణయం అదే, 2008 ఆగస్టులో తీసుకున్నదే. ఏ తారీఖున చూస్తే ఆ రంగు. 2010 జనవరిలో చరిత్ర రాస్తే ఒక పక్షం గెలిచింది, ఏడాది ఆగి రాస్తే ఇంకో పక్షం. ఇప్పుడు విస్కాన్సిన్‌లో అడిగితే, "నేను మొదట్నుంచీ రాజర్స్ పక్షమే" అనేవాళ్ళే అందరూనట. మా పెద్దాయనలా ఒప్పుకునేవాళ్ళు అరుదు.

నా మట్టుకు నాకు తోచేదేంటంటే, రెండు పక్షాలూ ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటున్నామనుకున్నాయి గానీ, ప్రశ్నలు రెండు. "ఇంకా ఆడగలడా?" అన్నదానికి ఫార్వ్ పక్షం చెప్పిందే నిజం, ఆడి చూపించాడు కూడా. "ఇక్కడే ఆడాలా?" అన్నదానికి జవాబు అతని చేతిలో లేదు, ఎందుకంటే కుర్చీ ఒక్కటే, దానికోసం ఒకడు మూడేళ్ళు నోరు మెదపకుండా కూర్చున్నాడు. అభిమానికి వచ్చే ఆదివారం కావాలి, క్లబ్బుకి వచ్చే పదేళ్ళు కావాలి. పాతవాడి రుణం ఎలాగైనా తీర్చుకోవాలి, నిజమే. కొత్తవాడి కుర్చీ లాక్కుని తీర్చడం మాత్రం రుణం తీర్చడం కాదు, బాకీని ఇంకొకడి ఖాతాలో రాయడం. ఆఫీసుల్లో మనమూ ఇది రోజూ చేస్తుంటాం. "ఆయనే చూసుకుంటాడులే, ఆయనకైతే తెలుసు" అంటాం. పక్కనున్న కుర్రాడు ఇంకో ఏడాది వేచి చూస్తాడు, తర్వాత వెళ్ళిపోతాడు.

ఊరు, మనిషి తర్వాత రాజీపడ్డారు లెండి. 2015 జులైలో అతని 4 నంబరు చొక్కాని క్లబ్బు శాశ్వతంగా పక్కన పెట్టినప్పుడు, లాంబోలో 67 వేలమంది కూర్చుని చప్పట్లు కొట్టారు. తిట్టినవాళ్ళు కూడా అందులో ఉండే ఉంటారు.

చరిత్ర అక్కడితో ఆగలేదు. 2020లో ప్యాకర్స్ ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకుంది. 2023 ఏప్రిల్‌లో, 39 ఏళ్ళ రాజర్స్‌ని ఎక్కడికి పంపిందో తెలుసా? అదే న్యూయార్క్ జెట్స్‌కి! మొదటి ఆటలో నాలుగో ఎత్తుకే మడమ నరం తెగింది. టామ్ బ్రేడీ అయితే 2022లో రిటైరయ్యి నలభై రోజులకే తిరిగొచ్చాడు, మరో ఏడాదికి మళ్ళీ మానేశాడు. మానెయ్యడం ఎవరికీ చేతకాదు.

2024 సెప్టెంబరులో ఫార్వ్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు తనకి పార్కిన్సన్స్ జబ్బు ఉందని చెప్పాడు. అది ఆట వల్లే వచ్చిందని అనడానికి నాకు అర్హత లేదు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మా పెద్దాయన భోజనం డబ్బా మూత తియ్యకుండా కాసేపు కూర్చున్నాడు. "ఆ ఏడాది మేమంతా రావాలా వద్దా అని తెగ కొట్టుకున్నాం. చెయ్యి పనిచేస్తుందా, టీమ్‌కి లాభమా అని చూశాం. ఇంకో మూడేళ్ళు దెబ్బలు తింటే ఆ మనిషి ఏమైపోతాడని మాలో ఒక్కడూ అడగలేదయ్యా" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఎప్పట్లాగే "రేపు కలుద్దాం" అన్నాడు. ఆయన రిటైర్మెంట్‌కి ఇంకో ఏడాదే ఉంది.